ఐదు స్వరాలు, ఆరు తీగలు: జపాను బాణీ గిటారు మీదికి వచ్చిన చరిత్ర

గిటారు చేతికందిన విద్యార్థి ఎవరైనా ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. అన్నిటికంటె లావుగా ఉండే ఆరవ తీగను ముందు ఏ మెట్టూ నొక్కకుండ మీటవలెను. తరువాత దాని మొదటి మెట్టు నొక్కి మీటవలెను. పిదప ఐదవ తీగను నొక్కకుండ మీటి, దాని మీదనే రెండవ మెట్టును, మూడవ మెట్టును పలికించవలెను. చివరకు నాలుగవ తీగ మీద రెండవ మెట్టు. పాశ్చాత్యులు వాడే అక్షరాలతో చెప్పినచో ఇవి ఇ, ఎఫ్, ఏ, బి, సి, తిరిగి పై స్థాయి ఇ. కర్ణాటక సంగీత పరిభాషలో, మొదటి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకొన్నచో, షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, పై షడ్జమం. గాంధారం లేదు, నిషాదం లేదు. తొందరపడకుండ, ఒక్కొక్క స్వరాన్ని పూర్తిగా మ్రోగనిచ్చి, చివర కిందికి దిగివచ్చి ఆరవ తీగ మీదనే ఆగినచో, జపాను సంగీతం ఒక్కసారియైనా విన్నవారు ఇది ఏ దేశపు బాణీయో వెంటనే గుర్తు పడతారు.

ప్రయోగానికి రెండవ భాగం కూడ ఉన్నది. అవే ఐదు స్వరాలు వాయిస్తూ ఈసారి ఆరవ తీగ మీద ఆగక, ఐదవ తీగ మీద, అంటే ఏ స్వరం మీద ఆగవలెను. తోడుగా గిటారు నేర్చే ప్రతివారికి మొదటి నెలలోనే వచ్చే ఏ మైనరు స్వరమేళాన్ని మ్రోగించవలెను. జపాను ఛాయ చాలవరకు మాయమైపోతుంది. దాని స్థానంలో విషాదం నిండిన ఏదో పాశ్చాత్య గీతం వినిపిస్తుంది. స్వరాలలో ఒక్కటి కూడ మారలేదు. మారినది వాటిలో ఇల్లు ఏది అన్న సంగతి మాత్రమే. మూడు వందల సంవత్సరాలకు పైబడిన ఈ స్వరాల చరిత్రలో పండితులు తర్కించినదీ, పాఠశాలలు తడబడినదీ, పాటల రచయితలు లాభపడినదీ ఈ ఒక్క విషయం మీదనే.

ఈ స్వరాలకు పుట్టినిల్లు అనదగినవి జపానులో రెండు వాద్యాలు. ఒకటి మూడు తీగల షామిసెన్. దానికి మెట్లు లేవు. రెండవది కోతో. సుమారు ఆరడుగుల పొడవుగల పౌలోనియా కొయ్య పెట్టె మీద 13 తీగలు పరచి, ఒక్కొక్క తీగ కింద కదల్చడానికి వీలైన బ్రిడ్జిని నిలబెడతారు. ఈ బ్రిడ్జిని కుడికి జరిపితే తీగలో మ్రోగే భాగం తగ్గి శ్రుతి హెచ్చుతుంది. ఎడమకు జరిపితే తగ్గుతుంది. కుడిచేతి మూడు వేళ్లకు గోళ్లవంటి తొడుగులు పెట్టుకొని మీటతారు. కోతో 7, 8 శతాబ్దులలో చైనా నుంచి జపాను రాజాస్థానానికి వచ్చిన వాద్యం. ఆస్థాన సంగీతంలో దాని ఐదు స్వరాలకు అర్ధస్వరాల ఇరుకు లేదు. శుద్ధసావేరి వలె విశాలంగా ఉండేవి. 16వ శతాబ్ది చివర క్యూషూ ద్వీపం ఉత్తర భాగంలో వెలసిన త్సుకుషి సంప్రదాయం కూడ చాలవరకు ఆ బాటనే నడచినది.

బాట మార్చినవాడు యాత్సుహాషి కెంగ్యో. ఈయన 1614లో పుట్టి 1685లో మరణించినాడు. పాశ్చాత్య సంగీతంలో మహామహుడైన బాఖ్ పుట్టినదీ ఆ 1685లోనే. యాత్సుహాషి అంధుడు. ‘కెంగ్యో’ అనేది పేరు కాదు, పదవి. ఆ కాలపు జపానులో చూపులేని పురుషులకు తోదోజా అనే సంఘం ఉండేది. సంగీతం, అంగమర్దనం మున్నగు వృత్తులు వారికి ప్రత్యేకమై ఉండేవి. ఆ సంఘంలో అత్యున్నత పదవి కెంగ్యో. యాత్సుహాషి మొదట షామిసెన్ వాద్యంలో నిపుణుడై, పిదప ఎదో నగరంలో త్సుకుషి సంప్రదాయానికి చెందిన గురువు వద్ద కోతో నేర్చినాడు. నగర వీధుల్లో, వినోదశాలల్లో షామిసెన్ మీద మ్రోగుతూ ఉండిన అర్ధస్వరాల బాణీ ఆయన చెవికి బాగా పట్టినది. ఆస్థానపు వాద్యానికి వీధిలోని స్వరాలు తొడిగినాడు. ఆ శ్రుతి చేసే పద్ధతికే హిరాజోషి అని పేరు. కియోటో నగరంలో దాల్చిన చెక్క రుచితో చేసే ఒక తినుబండారానికి నేటికిని యాత్సుహాషి అని పేరు ఉండడం చూస్తే, ఆ వాద్యకారుని పేరు ఎంత దూరం పాకినదో తెలుస్తుంది.

హిరాజోషి అమరిక ఇది. నేటి పాఠాలలో సాధారణంగా మొదటి తీగను డి స్వరానికి శ్రుతి చేస్తారు. రెండవది జి, మూడవది ఏ, నాలుగవది బి ఫ్లాటు, ఐదవది డి, ఆరవది ఇ ఫ్లాటు, ఏడవది జి. ఆపై ఇదే వరుస పై స్థాయికి సాగుతుంది. డి షడ్జమమైనచో ఇ ఫ్లాటు శుద్ధ రిషభం, జి శుద్ధ మధ్యమం, ఏ పంచమం, బి ఫ్లాటు శుద్ధ ధైవతం. అనగా వ్యాసం మొదట గిటారు మీద పలికించిన స్వరాలే, ఒక స్వరం కిందికి దించినవి.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇక్కడ ఒక ఆశ్చర్యం కలుగుతుంది. కనకాంగి మేళంలో జన్యమైన కర్ణాటక శుద్ధసావేరికి ఆరోహణ అవరోహణలు ఇవే స్వరాలు. హిందూస్తానీలో గుణక్రి రాగం కూడ ఈ స్వరాలతోనే నడుస్తుంది. ధైవతానికి బదులు కైశికి నిషాదం పెట్టినచో అది రేవతి. జపాను పాటల్లో ఆరోహణలో ధైవతం తరచు ఈ నిషాదానికి ఎక్కడం కూడ కద్దు. దీనిని బట్టి ఒకరి నుంచి ఒకరు తీసుకొన్నారని ఊహించడం సులభం. 736లో దక్షిణ భారతం నుంచి బోధిసేనుడనే బౌద్ధ భిక్షువు జపానుకు వెళ్లిన మాట నిజమే. నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు ఆయనే. కాని హిరాజోషి పుట్టినది ఆ తరువాత తొమ్మిది వందల ఏండ్లకు, నగర వీధుల్లోని బాణీ నుంచి. పన్నెండు స్వరస్థానాలలో ఐదింటిని ఎన్నుకొనే మార్గాలు పరిమితమైనవి గనుక, దూరదేశాల వారు ఒకే ఎన్నికకు రావడంలో వింతలేదు. పైగా స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదన్న సంగతి సంగీతం పాఠం మొదటి సంవత్సరంలోనే తెలిసేది. గమకం, విశ్రాంతి స్వరం, సంచారం వేరైనప్పుడు రాగం వేరే.

యాత్సుహాషి తరువాత దాదాపు రెండు వందల ఏండ్లు ఈ సంగీతం అంధుల సంఘం చేతిలోనే పెరిగినది. వారు దానిని కాగితం మీద అంతగా పెట్టలేదు. చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి అందించినారు. 1868లో మేజీ చక్రవర్తి పాలన వచ్చినది. 1871లో ప్రభుత్వం తోదోజా సంఘాన్ని రద్దు చేసినది. షాకుహాచి అనే వెదురు వేణువును తమ సొత్తుగా భావించుకొన్న ఫుకే సన్న్యాసుల శాఖకు కూడ అదే ఏడాది అదే గతి పట్టినది. ఒక్క సంతకంతో వందలాది గురువుల వృత్తి హక్కు పోయినది. ఎవరైనా నేర్వవచ్చును, ఎవరైనా నేర్పవచ్చును అన్నది ఒక విధంగా మేలే. కాని ఒక కళను నిలబెట్టిన కట్టు తెగినప్పుడు, దాని స్థానంలో పాఠశాల వచ్చి పట్టుకొనకపోతే ఆ కళ నేలపాలవుతుంది. జపాను పాఠశాల అప్పటికి సిద్ధంగా లేదు. 1872 నాటి విద్యాశాసనం గానాన్ని పాఠ్యాంశాలలో చేర్చి, ప్రస్తుతానికి దీనిని వదలివేయవచ్చునని పక్కన వ్రాసినది. నేర్పడానికి పాట లేదు, పుస్తకం లేదు, ఉపాధ్యాయుడు లేడు.

ఆ ఖాళీని నింపే బాధ్యత ఇసావా షూజి అనే యువకుని మీద పడినది. ఆయన 1875లో ఉపాధ్యాయ శిక్షణ పద్ధతులు చూచి రావడానికి అమెరికా వెళ్లి, మసాచుసెట్సు రాష్ట్రంలోని బ్రిడ్జివాటరు శిక్షణ కళాశాలలో చేరినాడు. చదువులన్నిటిలో ముందున్నవాడు సంగీతం తరగతిలో మాత్రం చతికిలపడినాడు. పాశ్చాత్యుల సప్తస్వరాలు ఆయన గొంతులో పలకలేదు. దూరదేశం నుంచి వచ్చినవాడు గదా అని ప్రధానోపాధ్యాయుడు ఆ పాఠం నుంచి మినహాయింపు ఇవ్వజూపగా, అది ఆయనకు అవమానంగా తోచినది. బోస్టను పాఠశాలల్లో సంగీతం నేర్పుతూ ఉండిన లూథర్ వైటింగ్ మేసన్ వద్దకు పోయి, పట్టుబట్టి నేర్చుకొన్నాడు. ఐదు స్వరాలలో పెరిగిన చెవికి ఏడు స్వరాలు ఎంత పరాయివో అనుభవించి తెలుసుకొన్నవాడే, దేశానికి సంగీత పాఠ్యక్రమం వ్రాయవలసి వచ్చినది.

1879లో టోక్యోలో సంగీత పరిశోధన విభాగం ఏర్పడినది. ఇసావా దానికి అధిపతి. 1880లో మేసన్ కూడ వచ్చి చేరినాడు. తూర్పు సంగీతాన్ని, పడమటి సంగీతాన్ని కలిపి కొత్త సంగీతాన్ని సృష్టించవలెనన్నది వారి ఆశయం. 1880ల తొలి సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వచ్చిన పాఠశాల పాటల పుస్తకంలో ఆ కలయిక ఎలా జరిగినదో చూడవచ్చును. పాటలలో చాల భాగం పాశ్చాత్య బాణీలు. స్కాట్లండు పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’ బాణీకి జపాను మాటలు కూర్చిన వీడ్కోలు గీతం అందులో ప్రసిద్ధమైనది. ఆ బాణీలో నాలుగవ స్వరం, ఏడవ స్వరం లేవు. సరిగ్గా మోహన రాగ స్వరాలు. అందువల్లనే అది జపాను పిల్లల నాలుకలకు సులభంగా ఎక్కినది. ఈ కిటుకుకు తరువాత ‘యోనానుకి’ అని పేరు వచ్చినది. జపాను అంకెల్లో ‘యో’ అంటే నాలుగు, ‘నా’ అనేది ఏడుకు గుర్తు, ‘నుకి’ అంటే తీసివేయడం. పాశ్చాత్యుల మేజరు స్వరక్రమం నుంచి నాలుగవది, ఏడవది తీసివేస్తే మిగిలేది అటు పాశ్చాత్యమూ ఇటు ప్రాచ్యమూ అనిపించుకొంటుంది.

మరి యాత్సుహాషి ఐదు స్వరాల మాట ఏమి? అర్ధస్వరాలతో నిండిన ఆ బాణీ వినోదశాలల సంగీతమనీ, పిల్లల నీతికి తగనిదనీ ఆనాటి సంస్కర్తలలో అనేకుల భావన. దానికి ‘జోకుగాకు’, అంటే సామాన్యుల సంగీతం, అని కొంచెం చిన్నచూపుతో పేరు. ఐనప్పటికి దానిని పూర్తిగా విడువలేకపోయినారు. సంగీత పరిశోధన విభాగం 1887లో టోక్యో సంగీత పాఠశాలగా మారినది. ఆ పాఠశాల 1888లో కోతో పాటలను పాశ్చాత్య లిపిలో అచ్చు వేసినది. కోతో నేర్చే పిల్లల అభ్యాస గీతమైన ‘సకురా’, అంటే చెర్రీపూల పాట, ఆ పుస్తకం ద్వారానే దేశమంతటికి, ఆపై ప్రపంచానికి తెలిసినది. 1904లో ఇటలీ స్వరకర్త పుచ్చీనీ తన ‘మదామా బటర్‌ఫ్లై’ నాటకంలో ఆ బాణీని వాడుకొన్నాడు. దేశంలో చిన్నచూపు చూడబడిన స్వరాలే పరదేశంలో జపానుకు గుర్తుగా నిలిచినవి.

సరిగ్గా ఇదే కాలంలో ఈ స్వరాలను కొలిచి చూచే పని లండనులో జరిగినది. అలెగ్జాండర్ జాన్ ఎల్లిస్ 1885లో వివిధ దేశాల స్వరక్రమాల మీద ఒక గొప్ప ప్రసంగం చేసి ప్రచురించినాడు. స్థాయిని 1200 సమాన భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని సెంటు అన్నది ఆయనే. ఈ లెక్కలో గిటారు మెట్టుకు మెట్టుకు నడుమ 100 సెంట్లు. ఎల్లిస్‌కు స్వరాలు పోల్చగల చెవి లేదు. ఆ పనికి పియానో నిపుణుడైన హిప్కిన్స్ చెవిని ఆశ్రయించినాడు. శ్రుతిదండాలతో కొలతలు మాత్రం తాను తీసినాడు. ఆ కొలతల్లో జపాను కోతో కూడ ఉన్నది. ప్రపంచంలో స్వరక్రమం ఒక్కటి కాదు, ప్రకృతి ఒక్కటే క్రమాన్ని విధించలేదు, అవి ఎంతో భిన్నమైనవి అని ఆయన తేల్చినాడు. పాశ్చాత్యుల ఏడు స్వరాలే ప్రకృతి నియమమనీ, తక్కినవి అపభ్రంశాలనీ నమ్మే కాలంలో ఆ మాట చిన్నది కాదు.

జపానులో ఆ పని చేపట్టినవాడు ఉయెహారా రోకుషిరో. ఈయన షాకుహాచి వాయించగలవాడు. కనుక లోపలి నుంచి చూడగలిగినాడు. 1895లో ప్రచురించిన గ్రంథంలో సామాన్యుల సంగీతాన్ని రెండు జాతులుగా విడదీసినాడు. పల్లెల్లో వినిపించే అర్ధస్వరాలు లేనిదానికి ‘యో’ అనీ, పట్టణాల్లో వినిపించే అర్ధస్వరాలు గలదానికి ‘ఇన్’ అనీ పేరు పెట్టినాడు. చీనీయుల యిన్, యాంగ్ ద్వంద్వమే ఇది. రెండవదానికే మియాకోబుషి, అంటే రాజధాని బాణీ, అని మరో పేరు. చిన్నచూపు చూడబడిన సంగీతానికి వ్యాకరణం ఉన్నదని తొలిసారి నిరూపించిన గ్రంథమది.

ఉయెహారా తరువాత అరవై మూడేండ్లకు, 1958లో, కొయిజుమి ఫుమియో ఇంకొక అడుగు వేసినాడు. 1950ల చివర భారతదేశంలో కూడ సంగీతం అభ్యసించిన పండితుడాయన. జపాను బాణీలను అర్థం చేసుకోవడానికి స్థాయిని కాక, అందులో సగం వంటి చిన్న చట్రాన్ని పట్టుకోవలెనన్నాడు. ఒకదానికొకటి మధ్యమం దూరంలో ఉండే రెండు స్వరాలు స్థిరమైన స్తంభాలు. వాటి నడుమ ఒకే ఒక స్వరం తిరుగుతుంది. కింది స్తంభానికి అర్ధస్వరం ఎత్తున ఉంటే మియాకోబుషి, పూర్తి స్వరం ఎత్తున ఉంటే రిత్సు, సాధారణ గాంధారం ఎత్తున ఉంటే జానపద బాణీ, అంతర గాంధారం ఎత్తున ఉంటే ర్యూక్యూ దీవుల బాణీ. ఇట్టి చట్రాలు రెండు పేర్చితే ఒక స్థాయి పూర్తి అవుతుంది. మియాకోబుషి రెండింటిని పేర్చినచో యాత్సుహాషి స్వరాలు. జానపద చట్రాలు రెండు పేర్చినచో శుద్ధధన్యాసి స్వరాలు. ర్యూక్యూ చట్రాలు పేర్చినచో గంభీరనాట స్వరాలు వస్తాయి. తరగతిలో నల్లబల్ల మీద రెండు నిమిషాల్లో వేసి చూపగల పటమిది.

ఈ సిద్ధాంతంలో ఇల్లు ఏది అన్న ప్రశ్నకు సమాధానం ఉన్నది. స్తంభాలే ఇళ్లు. వ్యాసం మొదటి ప్రయోగంలో ఇ, ఏ ఒక చట్రం. బి, పై ఇ మరొకటి. ఎఫ్, సి నడుమ తిరిగే స్వరాలు. అవి ఎప్పుడూ తమ కిందనున్న స్తంభం మీద వాలడానికి తొందరపడుతుంటాయి. ఆ వాలిక నుంచే ఈ బాణీకి దాని బరువు వచ్చినది.

ఇక గిటారు. 1929లో స్పెయిను దేశపు మహావాద్యకారుడు ఆంద్రెస్ సెగోవియా జపానులో కచేరీలు చేసినాడు. అప్పటికే విశ్వవిద్యాలయాలలో మాండొలిన్ బృందాలు విరివిగా ఉండేవి. అట్టి బృందం నుంచి వచ్చిన కోగా మసావో 1931లో గిటారు తోడుగా కూర్చిన ‘సాకే వా నమిదా కా తమేఇకి కా’ అనే పాట గ్రామఫోను రికార్డు ద్వారా దేశమంతట మారుమ్రోగినది. ఆ కోవ పాటల స్వరాలు యోనానుకి కిటుకులో మైనరు రకానివి. ఏ మైనరు స్వరక్రమం నుంచి నాలుగవది, ఏడవది తీసివేయగా మిగిలేవి ఏ, బి, సి, ఇ, ఎఫ్. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడవలెను. ఇవి యాత్సుహాషి స్వరాలే. ఒక్కటి కూడ మారలేదు. కాని ఇల్లు ఇ నుంచి ఏ మీదికి మారినది. కింద గిటారు ఏ మైనరు స్వరమేళాన్ని మ్రోగించి ఆ మార్పును ఖాయం చేసినది. పాఠశాల తలుపు దగ్గర ఆపివేయబడిన బాణీ ఈ విధంగా పాశ్చాత్య వేషం తొడిగి గ్రామఫోను ద్వారా ఇంటింటికి వచ్చినది. తరువాత కాలంలో ఎన్కా అని పేరుపడిన పాటలకు ఇదే ఆధారం. ఇది సంగీతానికి లాభమా నష్టమా అని జపానులో చాల వాదాలు జరిగినవి. ప్రజలు మాత్రం వాదాలు ముగిసేదాక ఆగక పాడుకొన్నారు.

కోతో ఛాయను చెడకుండ గిటారు మీదికి తెచ్చే యత్నం శాస్త్రీయ వాద్యకారులు చేసినారు. యుకిజిరో యోకో ‘సకురా’ బాణీ మీద కూర్చిన వైవిధ్య రచన అందులో మిక్కిలి ప్రసిద్ధి పొందినది. ఆస్ట్రేలియాలో పుట్టిన జాన్ విలియమ్స్ దానిని రికార్డు చేయడంతో అది ప్రపంచమంతట గిటారు విద్యార్థుల చేతిలోకి వచ్చినది. అందులో స్వరాలను ఒక్కొక్కటిగా విడిగా మ్రోగించే పద్ధతి, వరుసగా జారే మీటులు వింటే కోతో గుర్తుకు వస్తుంది.

ఇంతకు గిటారు ఈ పనికి ఎంతవరకు పనికివస్తుంది? లెక్క వేసి చూడవచ్చును. శాస్త్రీయ గిటారులో తీగ మ్రోగే పొడవు సాధారణంగా 650 మిల్లీమీటర్లు. స్థాయిని 12 సమాన భాగాలు చేస్తే ఒక్కొక్క మెట్టుకు పౌనఃపున్యం 1.0595 రెట్లు హెచ్చుతుంది. ఒకే తీగ మీద ఈ ఐదు స్వరాలకు 1, 5, 7, 8 మెట్లు, పై స్థాయికి 12వ మెట్టు. పైకొన నుంచి వాటి దూరాలు వరుసగా సుమారు 36.5, 163, 216, 240.5, 325 మిల్లీమీటర్లు. చెవికి సంపూర్ణంగా శ్రుతి కలిసే శుద్ధ మధ్యమం తీగ పొడవులో సరిగ్గా నాలుగవ వంతు దగ్గర, అనగా 162.5 మిల్లీమీటర్ల వద్ద వస్తుంది. పంచమం మూడవ వంతు దగ్గర, 216.7 వద్ద. అనగా స్తంభాల విషయంలో గిటారు మెట్టు తప్పు అర మిల్లీమీటరు మాత్రమే. దానిని పట్టగల చెవులు తక్కువ.

చిక్కంతా నడుమ తిరిగే స్వరాలతోనే. గిటారు మీద మొదటి మెట్టు 100 సెంట్ల దగ్గర కొయ్యలో బిగించబడి ఉన్నది. పంచమాలు, మధ్యమాలు వరుసగా కలుపుకొంటూ పోయి రాబట్టే అర్ధస్వరం 90 సెంట్లు. దానికి మెట్టు 33 మిల్లీమీటర్ల దగ్గర, అంటే మూడున్నర మిల్లీమీటర్లు వెనుకకు, ఉండవలెను. కోతో వాద్యకారుడు బ్రిడ్జిని జరిపి ఈ అర్ధస్వరాన్ని తన చెవికి నచ్చినంత ఇరుకుగా పెట్టుకొంటాడు. వీణకు మెట్లు మైనంలో అమర్చుతారు గనుక వాటిని సవరించవచ్చును. గిటారు వాద్యకారునికి ఆ స్వేచ్ఛ లేదు.

రెండవ లోపం ఇంకా పెద్దది. కోతోలో కుడిచేయి స్వరాన్ని పుట్టిస్తే ఎడమచేయి దానిని పెంచుతుంది. బ్రిడ్జికి ఎడమవైపు తీగను నొక్కి శ్రుతిని అర్ధస్వరమో, పూర్తి స్వరమో ఎత్తడాన్ని ‘ఓషిదే’ అంటారు. తీగను బ్రిడ్జివైపు లాగి స్వరాన్ని ఒక క్షణం కిందికి దించడం ‘హికిఇరో’. మీటిన తరువాత ఊపడం ‘యూరి’. వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికించే అలవాటు ఎరిగిన తెలుగు శ్రోతకు ఇవి కొత్తగా తోచవు. గిటారులో తీగను పక్కకు లాగినచో శ్రుతి ఎత్తవచ్చును గాని, దించవలెనంటే ముందుగానే లాగి పట్టుకొని, మీటిన తరువాత వదలవలెను. విద్యుత్ గిటారులో సన్నని ఉక్కు తీగలుండడం చేత ఇది సులభం. నైలాను తీగల మీద కష్టం.

గిటారు నేర్పే పుస్తకాలలో ఇంకొక గందరగోళం ఉన్నది. హిరాజోషి అనే పేరుతో ఒక పుస్తకం ఏ, బి, సి, ఇ, ఎఫ్ అని ఇస్తుంది. మరొకటి బి, సి, ఇ, ఎఫ్, ఏ అని. వేరొకటి ఎఫ్, ఏ, బి, సి, ఇ అని. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అని విద్యార్థులు వాదించుకొంటారు. కర్ణాటక సంగీతంలో దీనిని గ్రహభేదం అంటారు. స్వరాలను కదల్చకుండ షడ్జమాన్ని మాత్రం కదల్చడం. వీటన్నిటిలో ఉన్నవి అవే ఐదు తీగలు. ఎక్కడ నుంచి లెక్క మొదలుపెట్టినారన్నదే తేడా. పైగా హిరాజోషి అనేది మొదట స్వరక్రమం పేరే కాదు, 13 తీగలను శ్రుతి చేసే పద్ధతి పేరు. కోతోలో పాటను బట్టి శ్రుతి పద్ధతిని మార్చుకొంటారు; ఒక్కొక్కప్పుడు పాట నడుమలో కూడ ఒకటి రెండు బ్రిడ్జిలు జరుపుతారు.

ఆ అలవాటును గిటారు మీద కూడ పాటింపవచ్చును. మామూలుగా గిటారు తీగలు లావు తీగ నుంచి వరుసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ. వీటిలో నాలుగు తీగలను, అంటే ఆరవదానిని, ఐదవదానిని, రెండవదానిని, మొదటిదానిని, ఒక్కొక్క పూర్తి స్వరం దించవలెను. నాలుగవదానిని, మూడవదానిని ముట్టనక్కరలేదు. ఏ తీగనూ బిగించడం లేదు గనుక తెగుతుందన్న భయం లేదు. ఇప్పుడు తీగలు డి, జి, డి, జి, ఏ, డి. కోతో మొదటి మూడు తీగలకు చెప్పిన స్వరాలు ఇవే; కొయిజుమి చెప్పిన స్తంభాలూ ఇవే. నాలుగవ తీగ నొక్కకుండ డి, మొదటి మెట్టున ఇ ఫ్లాటు, మూడవ తీగ నొక్కకుండ జి, రెండవ తీగ నొక్కకుండ ఏ, మొదటి మెట్టున బి ఫ్లాటు, మొదటి తీగ డి. ఎడమచేతి చూపుడు వేలు మొదటి మెట్టు దాటనక్కరలేదు. ఆ మెట్టున నొక్కిన స్వరాన్ని కొంచెం ఆలస్యం చేసి వేలు తీసినచో, అది తన కిందనున్న స్తంభం మీద దానంతట అదే వాలుతుంది. స్వరమేళాలు అక్కరలేదు. తోడు కావలెనన్నచో ఆరవ తీగను, ఐదవ తీగను అప్పుడప్పుడు ఒక్కసారి మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాక వేచి ఉండవలెను.